మైకులో మొదటి పేరు మల్లమ్మ అవ్వదే

మొయినాబాద్ దగ్గరి మా ఊరు హిమాయత్‌నగర్‌లో ఈసారి చిరుతల రామాయణం, అంటే చేతుల్లో చిరుతలు వాయిస్తూ ఆడే రామాయణం, జరగదని కొందరు అప్పుడే తేల్చేశారు. వేషాల బట్టలు చిరిగిపోయాయి, మైకుసెట్టు కిరాయి పెరిగింది. ఎట్లా ఆగుతుందో చూస్తానని పంతం పట్టి, మాకు ఆట నేర్పే గురువు బిచ్చప్పతో కలిసి చందాలకు బయలుదేరాను. మీ ఊళ్ళోనూ ఇలాంటి బృందం ఉంటే మా తిరుగుడు మీకు పనికొస్తుంది.

పొద్దున ఎనిమిదింటికి షేర్ ఆటోలో మొయినాబాద్ వెళ్ళాం, మనిషికి ఇరవై రూపాయలు. అక్కడి నుంచి బస్సులో చేవెళ్ల. కళాబృందాలకు ప్రభుత్వ సాయం ఉంటుందని విని, దరఖాస్తులు రాసిపెట్టే ఆయన్ని కలిశాం. "సంఘం రిజిస్ట్రేషన్ ఉన్నదా? బ్యాంకు ఖాతా? మూడేండ్ల లెక్కలు?" అన్నాడు. తాతల కాలం నుంచి ఆడుతున్నాం గానీ మా దగ్గర కాగితం ముక్క లేదు. తప్పు మాదే. బజారులో బట్టల సేటు మాత్రం సంగతి విని, రాముడి వేషానికి పట్టుబట్ట ఊరికే కోసి ఇచ్చాడు.

మధ్యాహ్నం తిరిగొస్తూ కనకమామిడిలో దిగాం. అక్కడ ఒక ఫామ్‌హౌస్ యజమాని చాయ్ ఇచ్చి, ఖర్చంతా తనదే అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే షరతు పెట్టాడు. మేము మధ్యమధ్య ఆట ఆపి, పది రూపాయలు ఇచ్చినవాళ్ళ పేరు కూడా మైకులో చదువుతాం. వాటినే చదివింపులు అంటాం.

"అవన్నీ తీసెయ్యండి. మా గెస్టులకు బోర్ కొడుతుంది. నా ఒక్క పేరు చాలు."

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే బిచ్చప్ప లేచాడు. "మీ పేరు గూడ చదువుతం సారూ. ఏటా ఫస్టు మా ఊరి మల్లమ్మ అవ్వ పది రూపాలిస్తది. ఆమె తర్వాతనే ఎవలదైనా."

ఆయన మొహం ముడుచుకున్నాడు. మేం చాయ్ సగంలో వదిలేసి వచ్చేశాం.

మొయినాబాద్‌లో ఎక్కిన ఆటో మా ఊరి యాదగిరిది. దారిలో అంతా విన్నాడు. దిగేటప్పుడు డబ్బులు తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "కిరాయి వద్దన్నా. మైకుల నా పేరు జర గట్టిగ చదువు."

ఆట జరుగుతుంది. రావణుడు లుంగీలో వచ్చినా సరే, మైకు లేక గొంతులు చించుకున్నా సరే. ఊరివాళ్ళ పేర్లు తీసేస్తే అది మా ఆట కాదు. మీకు చెప్పేది ఒక్కటే: చందాకు తిరగడానికి మూడేళ్ళ ముందే సంఘాన్ని రిజిస్టర్ చేయించి, లెక్కలు రాసి పెట్టుకోండి. ఇది రాసేటప్పటికి మా చదివింపుల పుస్తకంలో మొదటి పేరు మల్లమ్మ అవ్వది, రెండోది బట్టల సేటుది, మూడోది యాదగిరిది. నాలుగో గీత ఖాళీగా ఉంది. ఫామ్‌హౌస్ సారు ఎప్పుడొచ్చినా రాసుకోవచ్చు.