విడివిడిగా ఉన్న చెప్పులు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. నర్సుగా ఎన్నో చావులు చూశాను. పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. అందుకే ఇది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మేం పెర్త్‌లో ఉండేవాళ్లం. గుంటూరులో మా అక్క ఆస్పత్రిలో ఉందని ఉత్తరం వచ్చి పది రోజులైనా నేను ఫోన్ చేయలేదు. మా తమ్ముడి పెళ్లిలో అక్క తన అత్తింటివాళ్ల కోసం నన్ను విస్తరి ముందు నుంచి లేపి, "నువ్వు ఇంటిమనిషివేగా" అని రెండో బంతికి పంపింది. అప్పటికి నాలుగేళ్లు. తనే ముందు మాట్లాడాలని నా పట్టు.

వరసగా ఆరు రోజులు డ్యూటీ చేసి ఒళ్లు పులిసిపోయి ఉంటే, మా ఆయన ఊరికి ఉత్తరాన ఉన్న పాత క్రైస్తవ మఠానికి బయల్దేరదీశారు. సన్యాసులు ఇంకా ఉంటున్న ఆ మఠంలోనే ఒక భాగం చిత్రాల మ్యూజియం. దారి పొడుగునా "అక్కకి ఫోన్ చెయ్యి" అన్న పాటే.

మేడ మీద గదిలో మరియమ్మ పెద్ద చిత్రం ఉంది. మా ఊళ్లో గుళ్లోకి చెప్పులతో వెళ్లం. అలవాటుగా గుమ్మం పక్కన జతగా విడిచాను. హాల్లో కూర్చుని టికెట్లిచ్చే ముసలావిడ, "మేడమ్, ఇది బీచ్ కాదు, వేసుకోండి" అంది. నేను వేసుకోలేదు. ఆ మొహం నాకిప్పటికీ గుర్తే.

గదిలో నేనూ మా ఆయనా, ఇద్దరమే. పావుగంట నిలబడ్డాను. అక్క కోసం ఒక్క ముక్క ప్రార్థన రాలేదు. ఆ రెండో బంతే గుర్తొచ్చింది.

బయటికొచ్చి చూస్తే ఒక చెప్పు గుమ్మం పక్కనే ఉంది. రెండోది హాలు ఆ చివర, బల్ల కింద ఉంది.

చిన్నప్పుడు గుడి దగ్గర అక్క సరిగ్గా ఇలాగే చేసేది. జత కనబడితేనే దొంగ ఎత్తుకుపోతాడని నా చెప్పుల్ని చెరో మూలా పెట్టేది. నేను వెతుక్కోలేక ఏడ్చేదాన్ని.

టికెట్లావిడతో గొడవపడ్డాను. తను కుర్చీలోంచి లేవలేదని, ఇటు ఎవరూ రాలేదని అంది. ఆవిడ కాలికి మోకాలిదాకా ఉన్న పిండికట్టు అప్పుడు చూశాను. మా ఆయన వైపు తిరిగాను.

"నన్నెందుకే అలా చూస్తావ్? నీ పక్కనే ఉన్నాగా!"

ఇంటికొచ్చి తమ్ముడింటికి ఫోన్ చేశాను. ముందురోజే ఆస్పత్రి నుంచి పంపేశారట, అక్కే ఎత్తింది. ఇక చేసేదేం లేదనే పంపారని నాకు తర్వాత తెలిసింది. నేను హలో అన్నానంతే.

"ఏమే, చెప్పులు దొరికాయా?"

ఏ చెప్పులే అన్నాను.

"ఏమోనే, నోటికొచ్చింది." నవ్వబోయి దగ్గింది.

పెళ్లి భోజనం సంగతి నేను ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. వారానికి పోయింది.

మ్యూజియం వాళ్లకి ఆ రాత్రే రాసిన ఫిర్యాదు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చెప్పులు జరిపింది ఎవరో రాయాల్సిన చోట ఖాళీ వదిలాను. అక్కడ ఏం రాయాలో ఈ రోజుకీ తెలియదు.