ఫాల్ విప్పిన చీర

నేవన్ అనే ఐరిష్ ఊళ్లో నేను అద్దెకున్న గదిలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. ఆ ఇంటి ఇల్లాలు గిరిజాకుమారి, తుని అమ్మాయి. భర్త రఘువీర్ క్లోనీ దగ్గర ఒక డేటా సెంటర్లో షిఫ్టుల ఉద్యోగం చేసేవాడు. రెండు వేల పదిహేడు, పద్దెనిమిది నాటి మాట. నిన్నటిదాకా ఆవులు మేసిన పొలాల్లో కిటికీలు లేని బూడిదరంగు కట్టడాలు లేస్తున్నాయి. వాటి వెంట మనవాళ్లూ దిగుతున్నారు, చంటిపిల్లలతో, ప్రెషర్ కుక్కర్లతో, ఆ దేశపు చలికి ఏమాత్రం ఆగని పల్చటి కోట్లతో.

ఆ కోట్ల దగ్గరే గిరిజకు పేరొచ్చింది. ఆన్‌లైన్లో వాడిన బట్టలు కొనడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. కొత్తగా దిగిన ఏ ఇల్లాలైనా వారం తిరక్కుండా ఆ వంటగదిలో టీ తాగుతూ కనిపించేది. మంగాదేవి అనే ఆవిడ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"ఫొటో చూసి మోసపోకండి అక్కా. కిటికీ పక్కన, పగటి వెలుతుర్లో తీసింది ఇంకోటి పంపమనండి. సైజు నంబరు అసలు నమ్మొద్దు, ఒక కంపెనీ పన్నెండు ఇంకో కంపెనీకి పధ్నాలుగు. మీకు సరిపోయిన కోటు ఒకటి మంచం మీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంకకి టేపు పెట్టండి. వాళ్లని కూడా అలాగే కొలిచి చెప్పమనండి."

"అబ్బో, ఇంకా?"

"లోపల లేబుల్ ఉంటాది కదా, దాని ఫొటో అడగండి. అక్షరాలు చెరిగిపోయాయంటే ఎన్ని ఉతుకులు తిన్నాదో తెలిసిపోద్ది. ఇంట్లో సిగరెట్లు కాలుస్తారా, కుక్క ఉందా, అదీ అడగాలి."

"కుక్క పేరు కూడా అడగమంటావా?"

"అడగండి! ఓపిగ్గా చెప్పారనుకోండి, కోటు కూడా బాగానే చూసుకున్నారన్నమాట."

ఇదంతా కోట్లు, పిల్లల స్కూలు స్వెట్టర్లు, మంచు బూట్ల గురించే. చీరల ఊసు ఎత్తేది కాదు. కానీ గిరిజ చీరలు కూడా కొనేదని నాకు తెలుసు. ఆ పార్సిళ్లు ఇంటికి రావు, రఘువీర్ ఆఫీసుకు వస్తాయి. ఆడవాళ్లు అమ్ముకునే ఒక ఆన్‌లైన్ గుంపులో ఆమెకు వేరే పేరు, గులాబీ బొమ్మ. చీర అయితే ఎడమ భుజం దగ్గర పిన్నీసు చిల్లులు చూడాలి, కుచ్చిళ్ల కింద అంచు చూడాలి, జరీ వెనకవైపు చూడాలి. ఇవన్నీ ఆమె ఒక్క నాకే చెప్పింది. దేశాలు పట్టి తిరిగే ముసలాడు ఎవరితో చెబుతాడులే అనే ధీమా కాబోలు.

ఒకరు కట్టి విడిచిన బట్ట కట్టడం మనలో నామోషీ. నా చిన్నప్పుడు స్టీలు సామాన్లవాడు వీధిలో కేకేస్తే మా అమ్మ పాత చీరలు మూట కట్టి ఇచ్చి, బేరమాడి ఒక గిన్నె తీసుకునేది. ఆ చీరలు తర్వాత ఎవరి ఒంటి మీదికి చేరాయో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. గిన్నె మాత్రం పండక్కి పూజలో కూడా పెట్టేవాళ్లు. ఈ సంగతి పక్కింటి ఐరిష్ ముసలామెతో చెబితే, ఆమె తన చిన్నతనంలో అమెరికా చుట్టాలు పంపిన పాత బట్టల పెట్టె గురించి చెప్పింది. ఆ గౌన్లు వేసుకుని బడికి వెళ్తే, ఇవి మా కజిన్‌వి అని చెప్పకుండా కొత్తవేనని బుకాయించేదట. ఎనభై ఏళ్లొచ్చినా ఆ మాట చెబుతుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

గిరిజకు తల్లి లేదు. కూతురు లోహిత పుట్టినప్పుడు పక్కన నిలబడింది కోటేశ్వరిగారు. డండాక్‌లో ఉండే డాక్టరు కృష్ణమూర్తిగారి భార్య. తెనాలి మనిషి, ముప్పై ఏళ్ల కిందటే ఆ దేశం వచ్చారు. ఎవరో గుళ్లో పరిచయమైన పిల్ల కోసం నలభై రోజులు రోజు విడిచి రోజు కారేసుకుని వచ్చి పథ్యం వండిపెట్టారు. అప్పటినుంచి గిరిజకు ఆవిడ పిన్ని. పుట్టిల్లంటే డండాక్. నేవన్‌లో మిగతా ఆడవాళ్లకు ఊళ్లో అమ్మలున్నారు, ఫోన్లున్నాయి. గిరిజకు ఉన్నది ఆవిడ ఒక్కతే.

ఆ ఏడు నవంబరులో గిరిజ వాళ్లు అదే వీధి చివర సొంత ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ల సామానుతో పాటు నా మంచం కూడా మారింది. సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. గృహప్రవేశానికి పుట్టింటివాళ్లు దంపతులకు కొత్తబట్టలు పెట్టాలి కదా. కోటేశ్వరిగారు ముందే ఫోన్ చేశారు.

"నీకూ అల్లుడికీ బట్టలు నేను తెస్తున్నా. నువ్వేం కొనబాక. పీటల మీద అయ్యే కట్టుకోవాలి, తెలిసిందా?"

ఫోన్ పెట్టేసి గిరిజ ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, తిరిగి ఆవిడకు తాను పెట్టాల్సిన చీర గురించి ఆలోచన మొదలుపెట్టింది. కాకినాడ నుంచి ఆడపడుచు పంపిన పట్టుచీర పార్సిలు దారిలో ఎక్కడో ఆగిపోయింది. వ్రతానికి ఇంకా రెండు రోజులే ఉంది. డబ్లిన్ కొట్లలో దొరికేవి తళుకు చీరలు, ఆవిడకు అవి పెట్టడం బాగుండదు. బీరువాలో ఒక ధర్మవరం పట్టు ఉంది. వంకాయ రంగుకు మామిడిపండు రంగు అంచు. నెల కిందటే ఆన్‌లైన్లో కొన్నది. కార్క్ అనే ఊరి నుంచి వచ్చింది. అమ్మినావిడ ఒక్కసారే కట్టానని రాసింది. పిన్నీసు చిల్లు కూడా ఒక్కటే ఉంది కాబట్టి అది నిజమే.

మర్నాడు మధ్యాహ్నం గిరిజ కిటికీ దగ్గర కూర్చుని, బ్లేడు తీసుకుని, ఆ చీరకున్న ఫాల్ విప్పడం మొదలుపెట్టింది. కొత్త చీరకు ఫాల్ ఉండదు. చేతికుట్టు, దగ్గరదగ్గరగా, ఓపిగ్గా వేసిన కుట్టు. ఒక్కొక్కటే కోసి, దారం గోటితో లాగింది. ఆవిరి ఇస్త్రీ పెట్టి సూది పోట్లు మూసింది. మడత వేయడానికి రెండో కొస నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను. కొంగు మూల వెలిసిపోయిన పాత పసుపు చుక్క కనిపించింది. దాని మీదే కొత్త పసుపు పెట్టింది.

"కట్టుకుందామనే కొన్నాను బాబాయిగారూ. ఒక్కసారి కూడా ఒంటి మీద వేసుకోలేదు. నా వరకూ కొత్తదే కదండీ?"

నా చేతిలోని కొస ఆమె చేతికిచ్చాను.

"కొత్తదానిలా ఉందా లేదా, అది చెప్పండి."

"ఉంది," అన్నాను. నిజంగానే ఉంది. కానీ ఆమె అడిగింది అది కాదు. ఆ సంగతి నాకు తెలుసు. వద్దమ్మా అని ఒక్క ముక్క అంటే ఆగిపోయేది. కూడూ గూడూ ఇచ్చిన చోట మాటపడటం ఎందుకని ఊరుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివి నేర్చుకున్నది అదీ.

వ్రతం బాగా జరిగింది. గిరిజా రఘువీర్ కోటేశ్వరిగారు తెచ్చిన బట్టల్లో పీటల మీద కూర్చున్నారు. కథ అయ్యాక గిరిజ పళ్లెంలో చీర, పళ్లు, తాంబూలం పెట్టి ఆవిడ ముందు వంగింది. కోటేశ్వరిగారు చీర తీసి, ఒక మడత విప్పి, చూశారు. అంచు వెంట బొటనవేలు ఒక జానెడు దూరం పోనిచ్చారు. అప్పుడు దాన్ని కళ్లకద్దుకున్నారు.

"మంచి రంగమ్మాయ్."

"కట్టుకురండి ఆంటీ, కట్టుకురండి!" అని ఆడవాళ్లంతా గోల చేశారు. ఆవిడ వద్దన్లేదు. పైకి వెళ్లి, తన ఆకుపచ్చ జాకెట్టు మీదే ఆ చీర కట్టుకుని దిగివచ్చి, హారతి ఇచ్చారు. గిరిజ మొహం వెలిగిపోయింది. గట్టెక్కాం అనుకున్నాను.

భోజనాలయ్యాక తల్లిని తీసుకెళ్లడానికి కూతురు సుధేష్ణ డండాక్ నుంచి వచ్చింది. ఆ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై ఏడేళ్లుంటాయి. ఆ ఏడు ఎండాకాలంలోనే ఆమెకు నిశ్చితార్థం జరిగి, పెళ్లి తప్పిపోయింది. గుమ్మంలో బూట్లు విప్పుతూ తలెత్తి తల్లిని చూసి, అలాగే ఉండిపోయింది.

"మామ్, దట్స్ ది వన్ ఫ్రమ్ మై ఎంగేజ్‌మెంట్."

"కాదు. గిరిజ పెట్టింది."

"బట్ యూ సోల్డ్ ఇట్..."

"బూట్లు వేసుకో. కారు తియ్యి."

గిరిజ ఆ పక్కనే పులిహోర డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. వాళ్లు వెళ్లిపోయారు. డబ్బా ఆమె చేతుల్లోనే ఉండిపోయింది.

రెండు వారాలు డండాక్ నుంచి ఫోన్ లేదు. గిరిజ చేయలేదు. చేయబోయి, నంబరు చూసి పెట్టేసేది. లోహిత, "వై ఈజ్ అమ్మమ్మ నాట్ కమింగ్?" అని అడిగితే, పని ఉందమ్మా అనేది. రాత్రి అన్నాల దగ్గర రఘువీర్ ఒకసారి కదిపాడు.

"తెలీక జరిగిందే కదా. ఒక్క ఫోన్ చేసి సారీ చెప్పెయ్."

"ఏం తెలీక? ఎవరిదో తెలీదంతే. కట్టిన చీరని తెలుసుగా." కంచం తోసేసింది. "ఆవిడ నాకు అమ్మ స్థానంలో బట్టలు తెచ్చింది. నేను బ్లేడు పట్టుకుని కూర్చున్నాను."

మూడో శనివారం ఆమె నా తలుపు తట్టింది. "డండాక్ వెళ్తున్నానండి. తోడొస్తారా?" ద్రోహెడాలో బస్సు మారాలి. దారంతా అద్దం మీద వాన. ఆమె టిక్కెట్టు మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది. వేరే రోజైతే బాయిన్ నది యుద్ధం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ రోజు నది ఎప్పుడు దాటామో కూడా చూడలేదు.

తలుపు తీసింది కోటేశ్వరిగారే.

"ఏందమ్మాయ్, చెప్పకుండా? తడిసిపోయావుగా. రండి అన్నయ్యగారూ, కూర్చోండి."

గిరిజ కూర్చోలేదు. తడికోటుతో నిలబడే చెప్పేసింది.

"పిన్నీ, కట్టిన చీరని తెలిసే పెట్టాను. ఫాల్ నా చేత్తో విప్పాను. మరక మీద పసుపు పెట్టాను. మీది అని తెలీదు. మీది కాకపోయినా చెయ్యకూడదు."

ఆవిడ టీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఆ ఫాల్ నేను కుట్టిందే. మడత విప్పగానే అంచు వెంట పోట్లు తగిలినయ్ నా వేలికి."

"మరెందుకు కట్టుకున్నారు పిన్నీ?"

"నలుగురిలో నీ పరువు తియ్యమంటావా?" ఆవిడ గొంతు గట్టిపడింది, వెంటనే పడిపోయింది. "నాకు నిద్ర పట్టంది నువ్వు పెట్టినందుకు కాదే. నేను అమ్మినందుకు. ఆ చీర ఇంట్లో ఉంటే మా సుధేష్ణ మొహం చూడలేకపోయా. కీడు చీర అనుకున్నా. పారెయ్యొచ్చుగా? కార్క్‌లో మా మరిది కూతురి పేరు మీద పెట్టించి ఎవరికో అంటగట్టా. ముక్కూ మొహం తెలియనిదెవతో కట్టుకుంటది, దాని కీడు దానిది, నాకేంలే అనుకున్నా. ఆ ఎవతో నువ్వయ్యావు. నువ్వు గాకపోతే నాకు సిగ్గేసేదా? వేసేది కాదు."

ఇద్దరూ దొంగపేర్ల వెనక దాక్కున్నందువల్లే ఇంత జరిగింది. అయినా దాక్కోకుండా ఉంటే గిరిజ కొని ఉండేది కాదు, ఆవిడ అమ్మి ఉండేవారూ కాదు.

"నాకా పట్టింపు లేదు పిన్నీ. ఆ చీర నాకిచ్చెయ్యండి, నేను కట్టుకుంటాను."

పై మెట్టు మీద నుంచి సుధేష్ణ గొంతు వినిపించింది. "ఇట్స్ గాన్, అక్కా. నేనే పాత సామాన్లమ్మే చారిటీ షాప్‌కి ఇచ్చేశా, కుక్కబొమ్మల మగ్గుల పక్కన పెట్టారు. సో ఎవ్రీబడీ ఈజ్ గ్రాండ్, ఆల్ ఫైన్, ఓకే? ప్లీజ్, టీ తాగండి."

టీ తాగాం. ఆవిడ గిరిజ కోటు తీసి గోడకున్న వేడి రేడియేటర్ మీద ఆరబెట్టారు. అన్నం తినే దాకా కదలనివ్వలేదు. బయల్దేరేటప్పుడు గుమ్మంలో గిరిజ ఆవిడ కాళ్లకు దండం పెడితే లేపి, తల నిమిరారు.

"లోహితని తీసుకురా ఈసారి. ఒకటి మాత్రం వినమ్మాయ్. ఇక నాకు బట్టలు పెట్టబాక. పసుపూ కుంకుమా చాలు."

చాలా మెల్లగా అన్నారు. కోపంగా అని ఉంటే గిరిజ ద్రోహెడా దాకా అలా ఏడ్చేది కాదు.

నేను మళ్లీ ఊరు మారే ముందు వచ్చిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కోటేశ్వరిగారు వచ్చారు. అందరికంటే ముందే వచ్చి, బూరెలు తనే వండారు, లోహితకు కొత్త పరికిణీ తెచ్చారు. వాయనాలిచ్చేటప్పుడు అందరి పళ్లేల్లోనూ రవికె గుడ్డ ఉంది. ఆవిడ పళ్లెంలో రెండు అరటిపళ్లు, తాంబూలం, శనగలే ఉన్నాయి. మంగాదేవి కంట్లో పడనే పడింది.

"ఇదేంటి గిరిజా, పెద్దావిడకే మర్చిపోయావా?"

"నేనే వద్దన్నాలే," అన్నారు కోటేశ్వరిగారు. "ఉన్న బట్టలకే నా బీరువా తలుపు పడట్లేదు."

అందరూ నవ్వారు. గిరిజ కింద కూర్చుని ఆవిడ పాదాలకు పసుపు రాస్తోంది. రెండు పాదాలకూ రాయడం అయిపోయింది. అయినా తల ఎత్తకుండా, రాసిన చోటే మళ్లీ రాస్తూ ఉండిపోయింది.