దేవుడి గూట్లో పానాలు

మొన్న బెల్లంకొండ దగ్గర బంధువుల పెళ్ళికి వెళ్ళి, భోజనాలయ్యాక కృష్ణ ఒడ్డుదాకా నడిచాను. అక్కడ చేపలు పట్టే ఒకాయన తన పడవ మోటారు విప్పి, గోనెపట్టా మీద పానాలన్నీ పరుచుకుని, ఏ బోల్టుకు ఏది సరిపోతుందో వేసి చూసి మరీ తిప్పుతున్నాడు. నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. పొలాల్లో నీళ్ళు తోడే ఆయిలింజన్లు బాగుచేసుకుంటూ బతికినవాడు, ఉన్నట్టుండి రేవులో జనాన్ని ఏరు దాటించే పడవ కొని, దాని వెనక తగిలించే మోటారు తెచ్చాడు. డిగ్రీ గట్టెక్కినా ఉద్యోగం రాక తిరుగుతున్న నేను ఆ పడవలోనే టిక్కెట్టు డబ్బులు వసూలు చేసేవాణ్ణి. మోటారుతోపాటు దానికి తగ్గ పానాలు ఓ చిన్న సంచీలో వచ్చాయి. దసరాకు అక్క వాటికి పసుపు కుంకుమలు పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. మోటారు వచ్చాకే ఇంట్లో పొయ్యి నిలకడగా వెలుగుతోందని ఆవిడ నమ్మకం కాబట్టి, పండగ వెళ్ళినా వాటిని కిందికి దించనివ్వలేదు. "బొట్టు పెట్టిన సామాన్లు, మసి చేతుల్తో ముట్టుకోబాకయ్యా" అనేది. బావకూ పట్టింపు లేదు, ఆయనకు పైపురెంచీ, ఉలీ, సుత్తీ ఉంటే చాలు. "ఇంజనంటే ఇంజనే గదరా! నీళ్ళు తోడితే ఏంది, పడవ తోస్తే ఏంది?" అని, ఆ పానాలే వాడమన్న నా నోరు మూయించేవాడు.

ఆ కార్తీకంలో మోటారు మొరాయిస్తే, అందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గును పైపురెంచీతోనే పట్టి ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. ఆ పట్టుకు ప్లగ్గు పింగాణీ సన్నగా చిట్లిన సంగతి అప్పుడు ఎవరం గమనించలేదు. పత్తి తీసే ఆడకూలీలతో నది మధ్యకు చేరేసరికి మోటారు ఆగిపోయింది. పైనుంచి నీళ్ళు వదిలారేమో, కృష్ణ మంచి ఉరవడి మీదుంది. బావ మోటారు తాడు లాగుతూనే ఉన్నాడు, పడవ అడ్డం తిరిగి కొట్టుకుపోతూనే ఉంది, ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నారు. చివరికి ఓ రాతిగుట్ట అడ్డుపడబట్టి అందరం ప్రాణాలతో బయటపడ్డాం.

ఇంటికి రాగానే అక్కే ఆ సంచీ దించి బావ చేతిలో పెట్టింది. కొత్త ప్లగ్గు తెచ్చి, దాని పానాతోనే బిగించాడు. మర్నాడు మోటారు ఒక్క లాగుకే అందుకుంది. అంత చక్కగా అది ఎప్పుడూ పలకలేదు. కూలీలను వెంటబెట్టుకొచ్చే, మేమంతా పిన్ని అని పిలిచే ఆవిడ మాత్రం ఒడ్డునే నిలబడిపోయింది. "నువ్వు మంచోడివే నాయనా, చానాసార్లు దాటించావు. కానీ వీళ్ళంతా నన్ను నమ్ముకొని వచ్చినోళ్ళు. ఇంక నీ పడవ ఎక్కించలేను" అంది. ఆ పూట బావా నేనూ ఇద్దరమే అవతలి ఒడ్డుదాకా వెళ్ళి తిరిగొచ్చాం. కొన్నాళ్ళకు పడవ అమ్మేశాడు.

ఇప్పుడు బస్సెక్కితే డ్రైవరు ముఖం కూడా చూడకుండా నిద్రపోతాం, ఆగిపోతే దిగి ఇంకోటి ఎక్కుతాం, ఆయన ఊసే మనకు గుర్తుండదు. మా బావ పడవ ఎక్కం అన్నవాళ్ళు మాత్రం ఆయన్ని అన్నా, అల్లుడూ అని వరసలు కలిపి పిలిచినవాళ్ళే, అందుకే ఆ మాట ఆయన మనసులోంచి పోలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ రేవుకేసి వెళ్ళలేదు.