నేను తప్పు చోట గుచ్చిన పుల్ల

మన ప్రార్థన మందిరం పెంకులు సదిరే చాచా మొన్న శుక్రవారం పొద్దున కన్నుమూశారు. బయ్యారం చుట్టుపక్కల ఆయన ఎక్కని పెంకుటిల్లు లేదు. నిరుటి వానల్లో మన మందిరం మీదినుంచి పడ్డాక ఆయన మళ్లీ మంచం దిగలేదు. ఎట్లా పడ్డారో తెలుసని మీరంతా అనుకుంటున్నారు. తెలియదు. చెప్పవలసినవాణ్ణి నేను. ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఎండాకాలంలో కప్పు సదిరినా, ముసురు పట్టగానే చాచా మళ్లీ వచ్చి చూసేవారు. "ఎండల అన్ని కప్పులూ మంచియే అయ్యగారూ. వాన పడితెనే నా పని ఎట్లున్నదో తెలుస్తది" అనేవారు. ఎక్కేముందు పొయ్యిలోని బూడిద అరికాళ్లకు రుద్దుకునేవారు. పెంకు నడుమ అడుగు వేయరు. కింద వాసం ఉన్న చోటు చూసుకుని మడమ ఆనించేవారు. లోపల ఒక మనిషి నిలబడి, కారే చోట పెంకుల సందులోంచి చీపురు పుల్ల పైకి గుచ్చాలి. అది కనబడ్డ చోటికి ఆయన పాకి వెళ్లి, పగిలిన పెంకు మార్చేవారు.

ఆ లోపలి మనిషికి ప్రతిసారీ ఒకటే మాట: "బొట్టు పడ్డ కాడ గుచ్చకుర్రి. నీళ్లు వాసం పట్టుకొని జారొస్తయి. తడి ఎక్కడ మొదలైందో జర పైదాంక చూడుర్రి."

నన్ను ఆటపట్టించడం ఆయనకు సరదా. "మీరేమో వాన కోసం ప్రార్థన చేస్తిరి. నేనేమో దాన్ని ఆపుడు. మనిద్దరితోని పైనున్నాయన పరేషాన్ అయితడు."

ఆయన పడ్డ ఆదివారం తెలంగాణ బంద్. రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్న ఒక పిల్లవాడి తల్లి మన ప్రార్థనకు వస్తున్నది. ఆమెను కూర్చోబెట్టే చోటే కారుతున్నది. చాచాకు కబురు పెట్టాను. వచ్చి, కప్పు వంక చూశారు.

"పాచి మస్తు పట్టింది. రేపు చూద్దాం అయ్యగారూ."

"ఆ తల్లి మీద నీళ్లు పడితే ఏం మొఖం పెట్టుకుంటం చాచా?"

ఆయన బూడిద అడిగారు.

లోపల నేనొక్కణ్ణే బల్ల ఎక్కి నిలబడ్డాను. చంకలో గ్రంథం, మనసంతా చెప్పబోయే వాక్యం మీద. బొట్టు పడుతున్న చోటే తల ఎత్తి పుల్ల గుచ్చేశాను. ఓటిపడ్డ పెంకు అక్కడికి మూడు మూరల ఎగువన ఉంది. నేను గుచ్చిన చోట వాసం ఏళ్ల తరబడి నీళ్లు తాగి మెత్తబడి ఉంది. చాచా నా పుల్లను నమ్మి అక్కడికి వచ్చారు. వాసం విరిగింది. పెంకులతో సహా నా కాళ్ల ముందు పడ్డారు.

రాస్తారోకో చేస్తున్నవాళ్లు ఎడ్లబండ్లు పక్కకు లాగి మా ఆటోకు దారిచ్చారు. మహబూబాబాద్ దవాఖానలో తుంటి విరిగిందన్నారు. "ఎట్ల పడ్డవు అబ్బా?" అని కొడుకు అడిగాడు.

"కాలు జారింది బేటా. ముసలోన్నయిన" అన్నారు చాచా. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను.

కొన్నాళ్లకు మంచం దగ్గర కూర్చుని అడిగాను. "ఎందుకట్ల చెప్పినవు చాచా?"

"మీరు చెప్తరేమో అని చూసిన" అన్నారు.

అప్పుడూ చెప్పలేదు. దాచిన తప్పు ఎముకలను అరగదీస్తుందని గ్రంథం తెరిచి, వేలుపెట్టి, మీ మీద ఉరిమిన నోరు ఇది. ఈ ఏడాదంతా మీకు ఒప్పుకోలు నేర్పింది కూడా ఇదే.

మొన్న శుక్రవారం సాయంత్రం ఖబరస్తాన్‌లో గోతిమీద బండలు పరుస్తుండగా చినుకులు మొదలయ్యాయి. కొడుకు మోకాళ్ల మీద వంగి బండల సందుల్లో తడి మట్టి కూరుతున్నాడు. అతని పక్కన కూర్చుని చెప్పాను. "మీ అబ్బా కాలు జారలేదు బేటా. పుల్ల నేనే తప్పు కాడ గుచ్చిన."

అతని చేతులు ఆగాయి. తల ఎత్తకుండానే "మట్టి ఇటియ్యుర్రి" అన్నాడు.

దోసిళ్లతో అందించాను. లోపలికి ఒక్క చుక్క దిగకుండా, ఒక్కో సందునూ బొటనవేలితో అదుముతూ పోయాడు.