పక్కింటి అంకుల్ తేల్చుకోలేని రీలు

నా చిన్నప్పుడు మా అంతస్తులో అందరినీ పట్టి పీడించిన ప్రశ్న ఒక్కటే: పక్కింటి అంకుల్ చివరికి ఏ రీలు కొంటాడు? సింగపూర్‌లోని బెడోక్‌లో మా ఫ్లాటూ వాళ్ల ఫ్లాటూ ఒకే కారిడార్లో, తలుపు పక్కనే తలుపు. నాన్నా, ఆయనా ఇద్దరూ కంప్యూటర్ల ఉద్యోగస్తులే. రెండు వేల సంవత్సరం వచ్చేస్తోందని, తారీకు మారగానే మిషన్లన్నీ తికమక పడతాయని అందరూ హడలిపోతున్న రోజులవి. నాన్న శనివారం కూడా ఆఫీసుకే అంకితం. అంకుల్ మాత్రం ఆదివారం పొద్దున్న ఎవరైనా కంప్యూటర్ మాట ఎత్తితే చెవులు మూసుకుని, గాలం కర్ర భుజాన వేసుకుని రిజర్వాయర్ గట్టుకి వెళ్లిపోయేవాడు. తోక మీద నెమలి కన్నులాంటి మచ్చ ఉండే బాస్ చేపలు అక్కడ పడేవి.

మనిషి హైదరాబాదీ. మాతో తెలుగు, ఆంటీతో దక్కనీ ఉర్దూ, చేపలతో రెండూ కలిపి మాట్లాడేవాడు. అమ్మని భాభీ అనేవాడు, అమ్మేమో ఆయన్ని అన్నయ్యగారూ అనేది. ఆ వరస ఎలా కుదిరిందో ఎవరూ అడగలేదు.

ఆయన పాత రీలు అరిగిపోయింది. మరీ చవకది కొంటే ఏడాది తిరక్కుండా మూలపడుతుంది, మరీ ఖరీదైనది కొంటే ఆంటీ ఊరుకోదు. మధ్యరకంలో రెండు రీళ్ల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. నల్లది ఆఫీసు స్నేహితుడి దగ్గర్నుంచి తెచ్చాడు. వెండిరంగుది గాలాల దుకాణం ముసలాయన తను వాడుకునేదే, చూసి ఇవ్వమని చేతిలో పెట్టాడు. రెండూ బెయిట్‌కాస్టింగ్ రీళ్లే. అంటే విసరగానే దారం చుట్టిన చక్రం గిర్రున తిరుగుతుంది, దాన్ని బొటనవేలితో ఆనించి అదుపులో పెట్టుకోవాలి. వేలు ఏమరితే దారమంతా ఉబ్బిపోయి, వారంపాటు దువ్వని జుట్టులా చిక్కుపడి కూర్చుంటుంది. నల్లదానికి లోపల గట్టి బ్రేకు ఉంది, చిక్కు తక్కువ, కానీ దూరం పోదు. వెండిరంగుది ఎంత దూరమైనా పోతుంది, కానీ భారమంతా వేలిమీదే.

పెళ్లి సంబంధాలు చూసినట్టు చూశాడు మహానుభావుడు. కారిడార్ చివర నీళ్ల బకెట్టు పెట్టి, గాలానికి బదులు రబ్బరు ముక్క కట్టి, ఈ చివర్నుంచి దాంట్లోకి విసిరేవాడు. ఒకసారి నల్లదానితో, ఒకసారి వెండిదానితో. చివరింటి చైనీస్ ఆంటీ తలుపు తీసి, "అయ్యో, కెన్ ఆర్ నాట్?" అని, అవుతుందా కాదా అన్నట్టు నవ్వేది. వారాలు గడిచాయి, తేలలేదు. "నాలుగు చేతులు పడితే గానీ తెలీదు" అనేవాడు. నాన్న చేత వేయించాడు, ఆంటీ చేత వేయించాడు. అమ్మని మాత్రం ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. చేప వాసనకే ముక్కు మూసుకునే మనిషి, గాలం ముట్టుకుంటుందా!

ఇక నా సంగతి. నాది ఎడం చెయ్యి. పెన్సిలైనా, కత్తెరైనా, బంతైనా చెయ్యి తనంతట తాను ముందుకొచ్చేది. అమ్మకి అదొక పెద్ద దిగులు. కొట్టేది కాదు, తిట్టేదీ కాదు. గుర్తుండాలని ఎడం మణికట్టుకి ఒక నీలం రిబ్బను కట్టింది. ఆ చెయ్యి లేచినప్పుడల్లా "రిబ్బను చూసుకో తల్లీ" అనేది, అంతే. నేను కుడిచేత్తోనే రాసేదాన్ని. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడిపోయేవి, పేపరు సగంలో ఉండగానే గంట కొట్టేసేవారు. ఆ ఏడాది చివరి పరీక్ష మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరువేరు తరగతులకు పంపుతారు. మా టీచరు అమ్మని పిలిపించి, పిల్లకి అన్నీ వచ్చు గానీ రాయడం ఇంత నెమ్మదైతే వెనకబడ్డ పిల్లల తరగతికే పంపాల్సి వస్తుందని చెప్పింది. అమ్మ ఇంటికొచ్చి, ఇంకో రెండు కాపీ పుస్తకాలు కొని, కుడిచేత్తో ఇంకా ఎక్కువ రాయించడం మొదలుపెట్టింది. పాపం, తనకి తెలిసిన మందు అదొక్కటే. నేను మాత్రం నాకు బుర్ర లేదనే అనుకున్నాను.

ఒకరోజు బడినుంచి వచ్చేసరికి అమ్మ మార్కెట్టుకి వెళ్లింది. నేను మెట్ల దగ్గర కూర్చుని అంకుల్ విసరడం చూస్తున్నాను. వెండిరంగు రీలున్న కర్ర చూపించి, నువ్వూ వేస్తావా అన్నాడు. బుద్ధిగా కుడిచేత్తో పట్టుకుని విసిరాను. దారం మొత్తం చిక్కు. ఆయన విసుక్కోకుండా నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పోగు పోగూ విడదీసి, మళ్లీ నా చేతికిచ్చి, "నీకెట్ల వస్తే అట్ల పట్టుకో బేటా" అన్నాడు. అటూ ఇటూ చూసి ఎడంచేత్తో పట్టుకున్నాను. రబ్బరు ముక్క నేలకి తక్కువ ఎత్తులో దూసుకుపోయి బకెట్టు అంచుకి తగిలింది. అప్పటికే నా కుడిచెయ్యి పిడిమీదికి వెళ్లి దారం చుట్టేస్తోంది.

అంకుల్ నోరు తెరిచి అలా చూస్తుండిపోయాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ రీళ్లకి చుట్టే పిడి కుడివైపే ఉంటుంది. ఎడమవైపు పిడి ఉన్నవి అప్పట్లో మా దుకాణంలో దొరికేవి కావు. అందుకని ఆయనలాంటి కుడిచేతివాళ్లు కుడిచేత్తో విసిరి, కర్రని గబుక్కున ఎడంచేతిలోకి మార్చుకుని, అప్పుడు కుడిచేత్తో చుట్టాలి. సరిగ్గా ఆ చేతులు మార్చుకునే క్షణంలోనే చేప కొరికి జారుకునేదని ఆయన గోల. ఎడంచేతివాళ్లకి ఆ బాధ లేదు. విసిరిన చేతిలోనే కర్ర ఉంటుంది, రెండో చెయ్యి చుడుతుంది. కుడిచేతివాళ్ల కోసం చేసిన వస్తువు నా చేతులకి అతికినట్టు సరిపోయింది!

ఈ సంగతి ఆయన అమ్మతో చెప్పలేదు. మర్నాటినుంచి ఆయనగారి తికమక ఇంకా ముదిరింది. నల్లదా, వెండిదా, వెండిదా, నల్లదా! "కైకు జీ ఇంత సతాయింపు, ఏదో ఒకటి కొని పడెయ్యి" అని ఆంటీ తల పట్టుకుంది. భాభీ ఒక్కసారి వేసి చెబితే కొనేస్తానని ఆయన పట్టుబట్టాడు.

ఇలా ఇంకొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం ఆంటీయే మా ఇంట్లోకొచ్చి అమ్మని చెయ్యిపట్టుకుని లాక్కొచ్చింది. అమ్మ అప్పుడే బట్టలు ఆరేసి వచ్చింది, చేతులింకా తడిగా ఉన్నాయి. చేపా లేదు, గాలమూ లేదు, ఉట్టి రబ్బరు ముక్క అని అంకుల్ ఒట్టు పెట్టాడు. ముందు నాన్న వేశాడు. చేతులు మార్చుకోబోయి కర్ర కాలిమీద వేసుకున్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వుల్లోనే, "ఏదీ, ఇలా ఇవ్వండి" అంటూ అమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని కర్ర అందుకుంది.

ఎడంచేత్తో.

తనకి తెలియనే లేదు. బొటనవేలు చక్రంమీద ఆనించి, మణికట్టు ఒక్క ఊపు ఊపింది. రబ్బరు ముక్క కారిడార్ పొడుగునా వెళ్లి నీళ్లలో టప్పున పడింది. కుడిచెయ్యి అప్పుడే పిడి తిప్పుతోంది. చైనీస్ ఆంటీ "వా! ఫస్ట్ టైమ్ ఆ?" అని చప్పట్లు కొట్టింది. నాన్న ఈల వేశాడు. అమ్మ కూడా చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో తన చెయ్యి చూసుకుంది. తర్వాత నా మణికట్టు చూసింది. నవ్వు ఆగిపోయింది. కర్రని కుడిచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తోనే అంకుల్‌కి ఇచ్చేసి, పొయ్యిమీద పప్పు ఉందంటూ లోపలికి వెళ్లిపోయింది.

నేను వెనకే వెళ్లాను. పొయ్యి వెలగడం లేదు, పప్పూ లేదు. అమ్మ నన్ను వంటగదిలో నేలమీద కూర్చోబెట్టుకుని రిబ్బను ముడి విప్పింది. తన చిన్నప్పుడు అన్నం పెట్టేముందు మా అమ్మమ్మ తన ఎడంచెయ్యి వెనక్కి పెట్టి కొంగుతో కట్టేసేదని చెప్పింది. అసలు తనది ఎడం చెయ్యన్న సంగతే మర్చిపోయానంది. "మా అమ్మ కొంగుతో కట్టింది, నేను ఉట్టి రిబ్బనే కదా కట్టాను అనుకున్నానే" అని నా చెయ్యి చెంపకి ఆనించుకుని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకు భయం వేసింది, ఎందుకో సంతోషంగానూ ఉంది.

తినడం, ఒకరికి ఇవ్వడం కుడిచేత్తోనే, మిగతాదంతా నీ ఇష్టం అంది. కాపీ పుస్తకాలు తెచ్చి పెన్సిలు నా ఎడంచేతిలో తనే పెట్టింది. పరీక్ష రోజు గంట కొట్టకముందే పేపరు పూర్తయింది. రాసిందంతా మళ్లీ ఒకసారి చదువుకున్నాను కూడా. జనవరిలో కొత్త తరగతులు మొదలైనప్పుడు నా స్నేహితురాళ్లతోపాటే ఒకే తరగతిలో కూర్చున్నాను.

అంకుల్ ఆ ఆదివారం సాయంత్రమే వెళ్లి వెండిరంగుది కొన్నాడు. బ్రేకు ఎక్కువున్నది వద్దు, వేలిని నమ్మడమే మేలు అన్నాడట. ఆంటీ మాత్రం, ఇన్ని వారాలు తేల్చుకోలేనివాడు ఒక్క పూటలో ఎలా తేల్చాడా అని ఆశ్చర్యపోయింది.

ఆ సంగతి నాకు చాలా ఏళ్లకి తెలిసింది. వాళ్లు హైదరాబాదు తిరిగి వెళ్లిపోతున్నప్పుడు సామాను సర్దడానికి వెళితే, ఆ రీలు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. అప్పుడు చెప్పాడు. మా వంటింటి కిటికీ, వాళ్ల వంటింటి కిటికీ పక్కపక్కనే కదా. బట్టలు గుచ్చిన వెదురు కర్రని కిటికీ బయటికి తోసి ఆరేసేటప్పుడు, అంత బరువునీ అమ్మ ఎడంచేత్తో ఎత్తి కిటికీ కింద గోడకున్న గొట్టంలో పెట్టడం ఆయన రోజూ చూసేవాడట. రీలు ఏది కొనాలో నా చేతిలో చూసిన నాడే తేలిపోయిందట. మరి అమ్మతో నేరుగా చెప్పొచ్చు కదా అన్నాను. "ఎడం చెయ్యి వద్దని మా ఇంట్ల కూడా అదే మాట కదా బేటా, నేను ఏ మొహం పెట్టుకుని చెప్పాలె? నేను చెప్తే మీ అమ్మ బాధపడుతుండె. ఆమె చెయ్యే ఆమెకి చెప్పాలె అనుకున్నా" అన్నాడు. కాళ్లకి దణ్ణం పెట్టబోతే, నక్కో నక్కో, వద్దు వద్దంటూ లేపి నెత్తిమీద చెయ్యి పెట్టాడు.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. ఎవరికైనా బుద్ధి చెప్పాలని నోరు దురద పెట్టినప్పుడల్లా ఆ రీలు గుర్తొస్తుంది. మాట మింగేసి, వాళ్ల చేతిలో ఏ వస్తువు పెడితే వాళ్లకే తెలుస్తుందా అని ఆలోచిస్తాను. చాలాసార్లు ఏమీ తోచక మామూలుగానే వాగేస్తాననుకోండి. తోచిన రోజున మాత్రం మనసులో ఆయనకి ఒక సలాం పెట్టుకుంటాను. అంత ఓపిగ్గా, తను వెర్రివాడిలా కనిపించినా ఫరవాలేదనుకుని, పరాయి పిల్ల కోసం వారాలపాటు తికమక నటించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మొన్న మా ఇంటికొచ్చినవాళ్లు మా అమ్మాయి బొమ్మ గీస్తుంటే చూసి, "అయ్యో, ఎడం చెయ్యా? ఎవరి పోలికండీ?" అని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపే, వంటింట్లో బెండకాయలు తరుగుతున్న మా అమ్మ కత్తి పట్టుకున్న ఎడంచెయ్యి అలాగే పైకెత్తి, "నా పోలికేనండీ" అంది.