మా టీచరమ్మ బదిలీ అడగలేదు

మా టీచరమ్మ పోయిందని ఆమె మేనకోడలు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. మియాపూర్‌లోని ఫ్లాట్‌లో కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, పేపరు ఒళ్లో ఉండగానే వెళ్లిపోయిందట. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, అదృష్టవంతురాలు అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్లు. నేనూ తలూపాను. ఆ దుఃఖం నా దగ్గరే ఉంచుకునేదాన్ని. కానీ సంతాప సభలో ఒక మాట విన్నాను. అది విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

అపార్ట్‌మెంట్ కింద హాల్లో పెట్టారు సభ. మా ఊరి పటేల్ కొడుకు, పదో తరగతిలో నా క్లాసువాడు, ఇప్పుడు పెద్దమనిషి, మైకు అందుకున్నాడు. టీచరమ్మ శాంతమూర్తి అన్నాడు. ఏనాడూ గొంతు పెంచి ఎరగదన్నాడు. ఆమెను వదులుకోవడానికి ఊరంతా ఏడ్చిందనీ, ఇంట్లో ఇబ్బందుల వల్ల ఆమే బదిలీ అడిగి వెళ్లిందనీ చెప్పాడు. జనం జాలిగా తలలూపారు.

ఆమె శాంతమూర్తి కాదు. అంత కోపం ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. గొంతు పెంచలేదన్నది నిజమే. కోపం వచ్చిన కొద్దీ ఆమె గొంతు తగ్గేది. "అరిస్తే అవతలివాడు చెవులు మూసుకుంటాడు. మెల్లగా అంటే వినడానికి దగ్గరికి రావాల్సిందే" అనేది మాతో. ఆమె గొంతు తగ్గిందంటే క్లాసులో పెన్సిలు కింద పడ్డ చప్పుడు కూడా వినిపించేది.

డెబ్బైల మొదట్లో ఆమె మా ఊరికి వచ్చింది. మాది మదీనాగూడ పక్కన, బొంబాయి రోడ్డుకు కాస్త లోపల. ఇవాళ అద్దాల ఆఫీసులు లేచిన ఆ వైపంతా అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు, మేకలు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, మా ఇంటి ముందు గది కిరాయికి తీసుకుంది. వెంట వాళ్ల అమ్మ ఉండేది. ఆ ముసలామెకు ఉబ్బసం. నెలకోసారి ఆమెను బస్సెక్కించుకుని పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లేది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఊళ్లో ఆడవాళ్లు అడిగితే, "తీరిక దొరకలేదండీ" అనేది.

ఆ 'అండీ' మాకు పెద్ద వినోదం. దారికి అడ్డంగా గేదెలు నిలబడితే, "ఏవండీ, వీటిని కాస్త అటు తోలండీ" అంటే, గేదెలాయన తన వెనక ఎవరైనా దొర నిలబడ్డాడేమోనని తిరిగి చూసేవాడు. చక్కెర లేని కాఫీ తాగేది. సుద్దముక్క వేళ్లకు అంటకుండా కాగితం చుట్టి పట్టుకునేది. సాయంత్రం వాళ్లమ్మ మంచం పక్కన రేడియో పెట్టి, ఆ పాటలు వింటూనే మా కాపీలు దిద్దేది.

మేం పదో తరగతిలో ఉండగా మగపిల్లల మధ్య ఒక యుద్ధం నడిచేది. ఈ కాలం ఎవరిది అన్నది తగువు. పౌరాణికాల హీరోదని ఒక జట్టు, ప్రేమకథల హీరోదని ఇంకో జట్టు. సికింద్రాబాద్‌లో సినిమాలు చూసి వచ్చే పటేల్ కొడుకు మటుకు, మాట్లాడకముందే కొట్టే హిందీ హీరో ముందు మీవాళ్లంతా ముసలోళ్లే అనేవాడు. ప్యాంటు అంచులు నేలను ఊడుస్తున్నా, చెంపల మీదికి జుట్టు దిగినా అన్నీ ఆ హీరోల పేరు మీదే. ఒకరోజు మధ్యాహ్నం ఈ తగువులోనే ఒకడి నుదురు పగిలింది.

టీచరమ్మ ఎవరినీ కొట్టలేదు. గణతంత్ర దినం నాటి సాయంత్రం ఊరందరి ముందు స్టేజీ ఎక్కి వాదించుకోమంది. "మీ హీరో ఎంత గొప్పవాడో నాకక్కర్లేదు. ఆయన వచ్చాక మీ ఇంట్లో ఏం మారిందో అది చెప్పండి" అంది. వాళ్లు పేర్లు ఇచ్చారు. తర్వాత ఆమె మా బెంచీ వైపు తిరిగి, ఆడపిల్లలకు ఎవరూ లేరా అని అడిగింది.

నేను లేచి, సినిమాల్లో ఒక్క పాటకు వచ్చి డాన్సు చేసి పోయే ఆమె గురించి మాట్లాడతానన్నాను. మగపిల్లలు ఈలలు వేశారు. టీచరమ్మ ముఖం చేదు మింగినట్టయింది. "ఆవిడా?" అంది. అయినా, "సరే, రాసుకురా" అంది. రాసుకెళితే అదంతా కొట్టేసింది. మళ్లీ రాయించింది. పొగిడిన చోటల్లా గీత పెట్టి, పొగడ్త వద్దు, చూసింది చెప్పమంది.

ఆ సాయంత్రం నేను చూసిందే చెప్పాను. డేరా సినిమాకు మా అమ్మతో, పిన్నితో వెళతాను. ఆమె రాగానే మగవాళ్లు ఈల వేస్తారు, ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. హీరోయిన్ సినిమా అంతా ఏడుస్తుంది, ఈమె ఏడవదు. హీరోయిన్‌కు తండ్రో మొగుడో తిండి పెడతాడు, ఈమె తన పని చేసుకుని తింటుంది. చూసినవాళ్లే బయటికొచ్చి ఆమెను తిడతారు. మా ఇంట్లో ఏం మారిందంటే, మర్నాడు గిన్నెలు తోముతూ మా అమ్మ ఆ పాట కూనిరాగం తీసింది. ఆమె పాదం కదిలింది. అంతకుముందు మా అమ్మ పాదం అలా కదలడం నేను చూడలేదు.

ఆడవాళ్లు కూచున్న వైపు ఎవరో నవ్వారు. నవ్వు వరస వరసా పాకింది. అప్పుడు ముందు కుర్చీలోంచి పటేల్ లేచాడు.

"ఏం నేర్పుతున్నవమ్మా ఆడపిల్లలకు?"

"మాట్లాడటం నేర్పుతున్నానండి" అంది టీచరమ్మ.

"గిదా మాట్లాడుడు? ఊరి ఇజ్జత్ తీసుడు గాదా?"

ఆమె గొంతు ఇంకా తగ్గింది. "మగపిల్లలు వాళ్ల హీరోల కొట్లాటలూ తాగుళ్లూ వర్ణించి చెప్పారు. మీరు చప్పట్లు కొట్టారు. ఈ అమ్మాయి వాళ్లమ్మ పాట పాడిందని చెప్పింది. ఇందులో ఇజ్జత్ పోయిందెక్కడో నాకు తెలీలేదండి. తెలిస్తే చెప్పండి."

పటేల్ కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. వెనకే సగం ఊరు లేచింది.

ఇంటికి వచ్చాక నాయిన నా మీద చెయ్యి చేసుకున్నాడు. బడి బందన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "అది అబద్ధం చెప్పిందా?" అని అడిగింది. అంతే అడిగింది. నాయిన బయటికి వెళ్లి అరుగు మీద కూచున్నాడు.

టీచరమ్మ పిల్లలను పాడు చేస్తోందని ఊరిపేర అర్జీ పోయింది. నాయినతో కూడా వేలిముద్ర వేయించారు. పరీక్షలకు ముందే బదిలీ హుకుం వచ్చింది. ఎక్కడికి? అడవి అంచున, దవాఖాన అన్న మాట లేని ఊరికి. తల్లికి జబ్బుందని, వేసవి దాకా ఆగమని ఆమె పై ఆఫీసు చుట్టూ తిరిగింది. ఎవరూ వినలేదు. ఊరు ఏడ్చిందట! గది ఎప్పుడు ఖాళీ చేస్తుందని రోజూ మా నాయినను అడిగిన ఊరు అది.

వెళ్లేముందు ఆమె నాయిన దగ్గరికి వచ్చింది. వేలిముద్ర మాట ఎత్తలేదు. "పరీక్ష ఒక్కటి రాయించండి. తర్వాత మీ ఇష్టం" అంది. నాయిన నేల చూస్తూ, "సరే టీచరమ్మా" అన్నాడు. నేను పరీక్ష రాశాను. ఆ పదో తరగతి పాసు మీదే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను.

ఆ అడవి అంచు ఊళ్లో మొదటి వానలకే ఆమె తల్లి పోయింది. ఉబ్బసం తిరగబెట్టిందట. బస్సు వచ్చే దాకా ఊపిరి నిలవలేదు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత, టీచరమ్మ రిటైరై మియాపూర్‌లో స్థిరపడ్డాక తెలిసింది. చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. గొంతు మాత్రం దాదాపు వినపడనంత తగ్గింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకోవాల్సి వచ్చింది.

ఆ బాల్కనీలో మా పాత తగువు మళ్లీ మొదలైంది. డెబ్బైలు ఎవరివి అని. కింద మెట్రో రైళ్లు వచ్చిపోతుంటే మేమిద్దరం కాఫీలు చల్లార్చుకుంటూ వాదించుకునేవాళ్లం. నేను నా డాన్సరును వదల్లేదు. ఒకరోజు టీచరమ్మ విసుగొచ్చి అసలు మాట చెప్పింది.

"నాకా మనిషి అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ గంతులేవిటో! నాకు నచ్చని మనిషి కోసం నా ఉద్యోగం అడవుల పాలైంది."

"మరి నన్నెందుకు మాట్లాడనిచ్చారు టీచర్?"

"నాకు నచ్చినదే మాట్లాడేదానివైతే నువ్వెందుకు? నేనే మాట్లాడేదాన్ని కదా."

ఆమె ఓటు రేడియోలో పాటల పేర్లు చదివే ఆమెకు. ముఖం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని ఆ ఆడమనిషికి. "ఆ అడవిలో మా అమ్మకి తోడున్నది ఆ గొంతొక్కటే. మీ హీరోలెవరూ రాలేదు" అంది. నేను మాత్రం ఒప్పుకోలేదు. మళ్లీ వారం వస్తే మళ్లీ అదే తగువు.

సభలో నేను లేచాను. మైకు అడగలేదు. టీచరమ్మ బదిలీ అడగలేదని, పటేలే అర్జీ పెట్టించి పంపించాడని, ఆమె తల్లి ఎలా పోయిందో అందరూ వినాలని చెప్పాను. పటేల్ కొడుకు ముఖం ఎర్రబడింది.

"గప్పటి ముచ్చట ఇప్పుడెందుకక్కా? ఆమె ఆత్మకు శాంతి ఉండనియ్యి."

"ముచ్చట తీసింది నువ్వే గదా. తీస్తే మొత్తం తియ్యి."

వాడు మైకు బల్ల మీద పెట్టి కూచున్నాడు. ఎవరో భోజనాలు వడ్డిస్తున్నామన్నారు. జనం లేచారు. మేనకోడలు మాత్రం వచ్చి నా పక్కన కూచుని, నానమ్మ సంగతి అత్త తనకెప్పుడూ చెప్పలేదంది. మేం భోజనానికి లేవలేదు. ఈ కోపం చల్లారాలని నాకు లేదు. శాంతి అన్న మాట ఆమెకు అంటగట్టడానికి వీళ్లెవరు?

ఆమె వెళ్లిన రోజు మధ్యాహ్నం ఎవరూ సాగనంపకూడదని ఊళ్లో చాటించారు. నేను మా డాబా మీద నుంచి చూశాను. బొంబాయి రోడ్డు పక్కన ట్రంకుపెట్టె మీద ముసలామె ఎగశ్వాసతో కూచుని ఉంది. బస్సు వచ్చింది. కండక్టరు వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. టీచరమ్మ ఎక్కలేదు. నడిచివెళ్లి బస్సు ముందు, రోడ్డుకు నట్టనడుమ నిలబడింది. ముందు సీటు వైపు చూపిస్తూ ఏదో చెబుతోంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ముందు సీట్లో కూచున్నాయన లేచాడు. కండక్టరు దిగి ముసలామెకు చెయ్యి అందించాడు. వెనక లారీలు వరసకట్టి హారన్లు కొడుతున్నాయి. టీచరమ్మ మాత్రం ఎండలో, కొంగు నడుముకు బిగించి, వాళ్లమ్మ కిటికీ పక్కన సర్దుకుని కూచునే దాకా ఆ రోడ్డు మీద నుంచి జరగలేదు.