దోర్కా మళ్ళీ చేర్చిన ఆజ్ఞ

దోర్కా మొండిది. నాచారంలోని ఆ చిన్న కంపెనీలో ఈ మాట అనని వాళ్ళు లేరు, మెచ్చుకోలుగా అన్నవాళ్ళూ లేరు. ఆమె పని కంపైలర్ రాయడం. మనుషులు రాసిన ప్రోగ్రామును చిప్‌కు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చేది అదే.

ఆ ఏడాది ఆస్పత్రి మానిటర్లకు కొత్త చిప్ వచ్చింది. పాత చిప్ మీద రెండేళ్ళు మచ్చ లేకుండా నడిచిన ప్రోగ్రామే, కొత్తదాని మీద పది లక్షల సార్లలో ఏ మూడుసార్లో రోగి పాత నాడిని కొత్తదిగా చూపిస్తోంది. సోమవారంలోగా తప్పు తేలకపోతే పని వేరే కంపెనీకి, దోర్కా జట్టులోని ఐదుగురూ ఇంటికి.

"మానిటర్ ప్రోగ్రాము రాసినోళ్ళదే తప్పు. మన కంపైలర్ బంగారం," అన్నాడు మేనేజర్ గిరిప్రసాద్. ఆ బంగారం తన చేతి పని కాబట్టి దోర్కా కూడా కాదనలేదు.

శనివారం ఉప్పల్‌లో, ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా అదే గొడవ. తండ్రి పీటర్ ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు నడిపి, పది వేళ్ళతో రిటైరయ్యాడు. ఆ పనిలో అది చిన్న విషయం కాదు.

"పాతదాని మీద మంచిగనే నడిచింది డాడీ," అంది.

"పాత ప్రెస్సు, చెయ్యి లోపలుంటే దిగకపోయేది. కొత్తది గట్ల ఆగలే బిడ్డా. మిషన్ మారినప్పుడల్లా నేను మొదటికెల్లి సూసుకున్న. నువ్వు సూసుకున్నవా?"

దోర్కా చేతిలో ముద్ద ఆగిపోయింది. చూసుకోలేదు! పాత చిప్ రాసినవాటిని వరుసగానే బయటపెడుతుంది. ముందు నాడి అంకె, తర్వాత 'సిద్ధం' అనే గుర్తు. అందుకే వరుస కాపాడే ప్రత్యేక ఆజ్ఞ అక్కర్లేదని అప్పట్లో తనే తీసేసింది. కొత్త చిప్‌కూ ఆ ఆజ్ఞ లేకుండానే దించేసింది. దీనికి ఆ వరుస పట్టింపు లేదు, కొత్త అంకె రాకముందే గుర్తు కనబడిపోవచ్చు, అప్పుడు మానిటర్ పాత అంకెనే కొత్తదనుకుంటుంది. ఇక వరుస కాపాడే భారం కంపైలర్‌దే, అంటే తనదే. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

ఆదివారం ఆరాధన కాగానే ఆఫీసుకు పోయి, నాడి అంకెను రాసేవైపూ చదివేవైపూ ఆ ఆజ్ఞలు చేర్చింది. సోమవారం అందరి ముందూ నిలబడింది.

"తప్పు నాదే సార్. దిద్దిన. కోటిసార్లు నడిపిన, ఒక్కటి గూడ తప్పలే."

గిరిప్రసాద్ ఆ లెక్క రెండుసార్లు చూసి, లేచి చెయ్యి కలిపాడు. "మస్తు జేసినవ్ దోర్కా! పని ఎటూ పోదు."

ఆ సాయంత్రం గేటు తీస్తూనే, "గెలిచినం డాడీ!" అని వీధంతా వినబడేలా అరిచింది. పీటర్ రెండు చేతులూ పైకెత్తి పది వేళ్ళూ చాపాడు. దోర్కా పరుగున పోయి, ఆ అరచేతులను తన అరచేతులతో ఫట్టున చరిచింది.